రేపటి కథలో మొదటి శవం మనదే ఎందుకు?

2019 జూన్ 14న నెట్‌ఫ్లిక్స్‌లో ‘లైలా’ అనే ఆరు భాగాల ధారావాహిక విడుదలయింది. ప్రయాగ్ అక్బర్ 2017లో ఆంగ్లంలో ప్రచురించిన నవల దానికి ఆధారం. దీపా మెహతా, శంకర్ రామన్, పవన్ కుమార్ దర్శకులు. కథాకాలం 2040 దశకపు చివరి సంవత్సరాలు. భారతదేశం స్థానంలో ‘ఆర్యావర్తం’ అనే రాజ్యం ఏర్పడి ఉంటుంది. నగరమంతా ఎత్తైన గోడలతో వర్గాలుగా విభజింపబడి ఉంటుంది. స్వచ్ఛమైన నీరు, గాలి గోడల లోపలి వారికే దక్కుతాయి. శాలిని అనే హిందూ యువతి రిజ్వాన్ అనే ముస్లిం యువకుణ్ణి పెళ్లాడింది. వారి కూతురు లైలా. ఆ దంపతులు ఇంటి ఈతకొలను వద్ద బిడ్డతో ఆడుకుంటూ ఉండగా పాలకుల మూక వచ్చి పడుతుంది. రిజ్వాన్ హతుడవుతాడు. ‘మిశ్రిత’ సంతానమని పాపను ఎత్తుకుపోతారు. తల్లిని ‘శుద్ధి’ చేసే నెపంతో వనితా ముక్తి కేంద్రంలో బంధిస్తారు. ఆమె తన బిడ్డ కోసం వెదకటమే మిగిలిన కథ.

ఈ ధారావాహికపై అప్పట్లో జరిగిన రభస చిన్నది కాదు. విడుదలకు ముందే, కేవలం ప్రచార చిత్రాన్ని చూసి, ఇది హిందూ ద్వేషమని ఒక పక్షం కేకలు వేసింది. బహిష్కరణ పిలుపులు వచ్చాయి. ఇది మన కాలానికి అవసరమైన హెచ్చరిక అని మరో పక్షం సమర్థించింది. నాటి చర్చ దాదాపు ఈ రెండు పక్షాల మధ్యనే సాగి, ఆగిపోయింది. మేము ఆ రెండింటితోనూ విభేదిస్తున్నాము. ఇన్నేళ్ల తరువాత ఆ ప్రస్తావన తేవడానికి కారణం ఉన్నది. ఆ చర్చలో ఏది అడగాలి, ఏది అడగకూడదు అన్న పద్ధతి ఒకటి స్థిరపడింది. అది నేటికీ మారలేదు. ఆ పద్ధతిలో ముస్లింకు ప్రశ్న అడిగే చోటు లేదు.

మొదట మనోభావాల పక్షాన్ని చూద్దాము. 2019 సెప్టెంబరులో శివసేన ఐటీ విభాగానికి చెందిన ఒక సభ్యుడు ముంబయి పోలీసులకు ఫిర్యాదు చేశాడు. ‘సేక్రెడ్ గేమ్స్’, ‘లైలా’, ‘ఘౌల్’ వంటివి హిందువులను, దేశాన్ని అవమానిస్తున్నాయన్నది ఆయన అభియోగం. ఈ పక్షం వాదనలో బలమైన భాగాన్ని దాటవేయటం మాకు ఇష్టం లేదు. ‘మతోన్మాదులు అన్ని మతాలలోనూ ఉన్నారు, మా మతం నుంచే ఎందుకు చూపారు’ అని వారు అడుగుతారు. జవాబు కష్టమైనది కాదు. భవిష్యత్తును ఊహించి హెచ్చరించే కథ ఎప్పుడూ అధికారం ఎవరి చేతిలో చేరే వీలున్నదో వారి గురించే హెచ్చరిస్తుంది. మార్గరెట్ ఆట్‌వుడ్ 1985లో ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ రాసినప్పుడు అమెరికాలో క్రైస్తవ ఛాందసుల రాజ్యాన్నే ఊహించింది. అక్కడ సంఖ్యాబలం, రాజ్యబలం కలిసే అవకాశం ఉన్నది వారికే కనుక. అది క్రైస్తవ మతంపై దాడి కాలేదు. పైగా ‘లైలా’లో ఆద్యంతం హింసకు గురయ్యే శాలిని హిందువే. వనితా ముక్తి కేంద్రంలో ఆమెతోపాటు అవమానం పాలయ్యే స్త్రీలను చూసి బాధ కలగనివారికి, ఆ స్త్రీలను బంధించినవారిని చూపినందుకు మాత్రం బాధ కలిగింది. ఆ మనోభావం హిందూ ధర్మానిదా, ఆర్యావర్త పాలకులదా అన్నది పాఠకులే తేల్చుకోవచ్చు.

ఆ ఫిర్యాదులు వృథా పోలేదు. ‘లైలా’ కథ మధ్యలో ఆగింది; రెండవ సంపుటి రానేలేదు. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం డిజిటల్ మీడియాకు నూతన నియమావళిని ప్రకటించింది. ఓటీటీ సంస్థలు దాని పరిధిలోకి వచ్చాయి. ప్రతి సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి, 15 రోజులలో పరిష్కారం చూపాలి, ఆపైన మరి రెండు అంచెలు. ప్రేక్షకుడు తన మాట చెప్పుకొనే ఏర్పాటు ఉండటం మంచిదే. అయితే సంఘబలం, కోర్టుబలం ఉన్నవాడి ఫిర్యాదుకు ఉన్న బరువు మన ఫిర్యాదుకు ఉండదు. 2024 జనవరిలో ‘అన్నపూరణి’ అనే తమిళ చిత్రాన్ని నెట్‌ఫ్లిక్స్ తొలగించింది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన అమ్మాయి వంటలో రాణించాలనుకోవటం, ఆమెకు ఒక ముస్లిం మిత్రుడు ఉండటం అక్కడ నేరమైనాయి. ఇద్దరి స్నేహం కథలో ఉన్నందుకే చిత్రం తెర దిగిపోతుంటే, రేపటి దేశంలో వారిద్దరూ పక్కపక్కన బ్రతికే కథను ఏ నిర్మాత ధైర్యంగా తలపెడతాడు?

ఇక మన మిత్రపక్షం మాట. ‘లైలా’ను సమర్థించిన విమర్శకులలో అధికులు ఆంగ్ల పత్రికలకు రాసే మహానగర వాసులు. వారి సానుభూతిని మేము తక్కువ చేయము. అయితే వారు ఏమి చర్చించారు? ఇది ‘హ్యాండ్‌మెయిడ్స్ టేల్’కు సాటి వస్తుందా రాదా? కథ నడక మందగించిందా? చీకటి మితిమీరిందా? హుమా ఖురేషీ నటన ఎట్లున్నది? సిద్ధార్థ్ పాత్రలో స్పష్టత ఉన్నదా? ఇవన్నీ అడగదగిన ప్రశ్నలే. కానీ ఒక ప్రశ్న ఆ చర్చ నడిబొడ్డుకు రాలేదు. కథ మొదలైన కొద్ది నిమిషాలలోనే రిజ్వాన్ ఎందుకు చనిపోవాలి? అటుపిమ్మట అతడు భార్య జ్ఞాపకంలో, భ్రమలో మాత్రమే ఎందుకు కనిపించాలి? ముస్లింలను ద్వేషించే రాజ్యం గురించి ఆరు భాగాలు తీసినప్పుడు, ఆ రాజ్యంలో బ్రతికి ఉన్న ముస్లిం ఏమి తింటాడు, ఎక్కడ నమాజు చేస్తాడు, తన బిడ్డకు ఏ పేరు పెడతాడు, ఎవరిని నమ్ముతాడు అన్నవి కథకు కేంద్రం కాకపోవటం ఏమిటి? రిజ్వాన్ చావు శాలిని దుఃఖానికి కారణం కావటానికే కథలోకి వచ్చింది. ఆ దుఃఖం నిజమైనదే. అయినా మన మరణం మరొకరి కథకు ప్రారంభ వాక్యంగా మాత్రమే ఉపయోగపడటాన్ని మేము ప్రాతినిధ్యమని ఒప్పుకోలేము.

ఇది ఒక్క ‘లైలా’ లోపమైతే ఇంత చెప్పవలసిన పని లేదు. అంతకు ముందు ఏడాది, 2018 ఆగస్టులో, అదే సంస్థ ‘ఘౌల్’ను ప్రసారం చేసింది. పాట్రిక్ గ్రాహమ్ తీసిన ఈ మూడు భాగాల కథ కూడా సమీప భవిష్యత్తులోనిదే. అందులో రాధికా ఆప్టే పోషించిన నిదా రహీమ్ ముస్లిం, కథానాయిక కూడా. ఆమె చేసే మొదటి పెద్ద పని ఏమిటి? రాజ్యం మీది విశ్వాసంతో కన్నతండ్రిని పట్టి ఇవ్వటం. ఆమెకు ఎదురుగా నిలిచేది ఉగ్రవాదిగా పట్టుబడిన అలీ సయీద్. కథ రాజ్యహింసను నిలదీసిందని మేము ఒప్పుకుంటాము. కానీ లెక్క చూడండి. ఒక కథలో చనిపోయిన భర్త. మరొక కథలో ద్రోహిగా మారిన కూతురు, నేరస్థుడని ముద్ర పడిన ఖైదీ, బలైపోయిన తండ్రి. మనపై సానుభూతితో తీసిన కథలలోనే మనకు దొరికిన రేపు ఇది.

ఈ కథలకు దూరంగా, ఉమ్మడి చిత్తూరు పడమటి మండలాలలో, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉన్నాయి. ఓటీటీ విమర్శకులు ఈ ఊళ్ల పేర్లు తలచరు. కానీ వారు మెచ్చిన ఊహ ఎంతవరకు నిలబడుతుందో ఇక్కడ పరీక్షించవచ్చు. నీటి కరవు అంటే ఏమిటో ఈ సీమకు ఎవరూ నేర్పనక్కరలేదు. బోరు వెయ్యి అడుగులు దాటినా దుమ్మే లేచిన చేలు, ట్యాంకరు కోసం వరుసలో నిలిచిన బిందెలు మన ప్రజలకు కొత్త కాదు. శ్రీశైలం వెనుక జలాలను హంద్రీ-నీవా పథకం ద్వారా పుంగనూరు బ్రాంచి కాలువలోకి, అక్కడినుండి కుప్పం బ్రాంచి కాలువలోకి మళ్లించటానికి ఏళ్లు పట్టాయి, ప్రభుత్వాలు మారాయి. 2025 ఆగస్టులో కృష్ణా జలాలు కుప్పం ప్రాంతపు చెరువుకు చేరినప్పుడు ముఖ్యమంత్రి హారతి ఇచ్చారు. ఆ నీరు ఎవరి చేలకు ఎంత అందుతుంది, చివరి ఆయకట్టు వరకు వస్తుందా రాదా అన్నది ఇక్కడి రాజకీయం. ఆ పోరాటంలో టమోటా పండించే రెడ్డిగారు, పట్టుగూళ్లు పెంచే కౌలు రైతు, మార్కెట్టులో మండీ నడిపే సాహెబు ఒకే చెరువు వైపు చూస్తారు. ఇక్కడి కరవు అందరిదీ. దానిని ఒకరిపై నేరంగా మోపే రాజకీయం వస్తే ఏమవుతుందన్నదే ‘లైలా’ లేవనెత్తిన అసలు ప్రశ్న. విమర్శకులు దానిని మతం చర్చలో మరచిపోయారు.

గోడల మాట కూడా అంతే. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్నది. అక్కడి ముస్లిం కుటుంబం ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు, సరిహద్దు దాటితే కన్నడం, తమిళం మాట్లాడుతుంది. పని కోసం రైలెక్కి బెంగళూరు వెళ్లేవారు ఏ భాషవాడి పక్కన కూర్చున్నామా అని చూడరు. మదనపల్లె బీసెంట్ థియసాఫికల్ కళాశాలలోనే 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు ‘జనగణమన’ను ఆంగ్లంలోకి అనువదించారు. జాతి పేరిట ఏ పాటను పాడుకుంటున్నామో, దాని అర్థాన్ని లోకానికి చెప్పిన ఊరు అది. రాయలసీమ గ్రామాలలో పీర్ల పండుగకు హిందువులే ముందు నిలబడే ఆనవాయితీ ఉన్నది. ధార్మికంగా ఆ ఆచారంపై మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కానీ ఒకరి నీడ మరొకరికి అంటదనే నమ్మకం అందులో ఉన్నది. ఈ బ్రతుకు కథలలోకి ఎందుకు రాదు?

అయితే ఇక్కడంతా సుభిక్షమని చెప్పి మేము ఎవరినీ మభ్యపెట్టబోము. పేరు వినగానే ‘ఇల్లు వేరేవారికి మాటిచ్చాము’ అనే జవాబు మన యువకులకు పరిచితమే. చదువుకున్న పిల్ల తలపై ముసుగు చూసి ఉద్యోగం చేజారిన సంగతులు ఇళ్లలో మెల్లగా చెప్పుకుంటూనే ఉన్నాము. ఇటుకలు లేని గోడలు ఇవి. తెరపై ఆకాశమెత్తు గోడను చూపినవాడు ఈ గోడను చూపలేదు; చూపాలంటే ఆ గోడ ఇవతల ప్రాణంతో ఉన్న మనిషి కావాలి. శవానికి అద్దె ఇల్లు అక్కరలేదు కదా.

మనవారు రేపటిని ఊహించలేరనే మాటకు చరిత్రే జవాబిస్తుంది. 1905లో రుఖయ్యా సఖావత్ హుసేన్ అనే బెంగాలీ ముస్లిం వనిత ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథను ఆంగ్లంలో రాసింది. అది అచ్చయింది ఎక్కడో లండనులో కాదు, మద్రాసు నుండి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మేగజైన్’లో. దాని సంపాదకురాలు కమలా సత్యనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టినవారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఆనాడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఆ కథలో స్త్రీలు పాలించే దేశం ఉన్నది. అక్కడి విశ్వవిద్యాలయపు స్త్రీలు గాలిలోకి గొట్టాలు ఎక్కించి మేఘాల నుండి నేరుగా నీరు తీస్తారు. సూర్యుని వేడిమిని నిలువ చేసి వాడుకుంటారు. ఆ వేడితోనే శత్రుసేనను తరుముతారు. ప్రాణాలు తీయని పాలన, కరవు ఎరుగని నేల, చదువుకున్న స్త్రీలు, ఆకాశంలో ప్రయాణించే వాహనాలు. సౌరశక్తి గురించి లోకం విరివిగా మాట్లాడటానికి ఎన్నో దశాబ్దాల ముందే, పరదా చాటున పెరిగిన ఒక ముస్లిం స్త్రీ ఊహ ఇది. 1911లో ఆమె కలకత్తాలో బాలికల పాఠశాల నడిపింది. కథలో చెప్పినదానికి పునాది వేసుకున్నది. ‘లైలా’ చర్చలో ఆట్‌వుడ్ పేరు పదేపదే వినవచ్చింది. దక్షిణాదిలోనే అచ్చయిన రుఖయ్యా కథను ఆ పక్కన నిలిపినవారు ఎందరు?

తెలుగు తెర వైపు చూస్తే 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో కాలయంత్రమెక్కించి మనలను 2504 సంవత్సరానికి తీసుకుపోయారు. 2024 జూన్‌లో నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ వచ్చింది. దానికి ముందుగా ‘బుజ్జి అండ్ భైరవ’ అనే యానిమేషన్ ధారావాహిక ప్రైమ్ వీడియోలో విడుదలయింది. మహాభారతపు అశ్వత్థామను భవిష్యత్తులోకి నడిపించి కథ అల్లుకున్నారు. దీనిపై మాకు అభ్యంతరం లేదు. ప్రతి జాతీ తన ఇతిహాసాలనుండే రేపటిని కలగంటుంది. తెలుగువారి ఇతిహాసం మనకూ పరాయిది కాదు. మా ప్రశ్న వేరు. 29వ శతాబ్దపు తెలుగు నేలను ఊహించేటప్పుడు, నాలుగైదు శతాబ్దాలుగా తెలుగు మాట్లాడుతున్న దూదేకుల మస్తాన్, షేక్ ఫాతిమా మనవళ్లు అక్కడ ఏమి చేస్తుంటారని ఎవరైనా తలచారా?

ఈ ప్రశ్నను ఇతరులపైకి మాత్రమే విసరటం న్యాయం కాదు. మన తెలుగు ముస్లిం సాహిత్యం గాయాన్ని గొప్పగా చెప్పింది. 1991 నాటి ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998 నాటి ‘జల్‌జలా’ సంకలనం, 2004 నాటి ‘వతన్’ కథలు, వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ మన నిన్నకు, నేటికి సాక్షులు. రేపటికి సాక్షి కావలసి ఉన్నది. 2050లో మదనపల్లె టమోటా మార్కెట్టును యంత్రాలు నడిపే రోజున హమాలీ ఖాజా కొడుకు ఏమవుతాడు? కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో దక్కనీ భాషకు ఒక శాఖ ఏర్పడి ఉంటుందా? పుంగనూరులో ఒక ముస్లిం బాలిక నీటిని కనిపెట్టే ఉపగ్రహాన్ని నడుపుతుందా? ఇవి కథలుగా రాసుకోవలసినవి.

మన ఇళ్లలోనే రెండు అభ్యంతరాలు వినిపిస్తాయని తెలుసు. ‘ఇళ్లు కూల్చివేస్తున్నారు, వక్ఫ్ భూములు పోతున్నాయి, పిల్లలకు ఉద్యోగాలు లేవు; ఇప్పుడు సీరియళ్ల గొడవ ఎందుకు?’ అన్నది మొదటిది. మేము ఆ పోరాటాలను వదలమనలేదు. కానీ మనిషి హక్కును హరించే ముందు అతడు అక్కడ ఉండడని సమాజానికి అలవాటు చేస్తారు. తెరపై అలవాటైన మాట ఆఫీసులో నిజమవుతుంది. మన పిల్లలు చేతి ఫోనులో రాత్రి పొద్దుపోయేదాకా చూసేది ఇవే. తాను భవిష్యత్తులో శవమో ద్రోహియో తప్ప మరేమీ కాలేనని ఒక బాలుడు పదిసార్లు చూస్తే, పదకొండవసారి అతడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

‘అట్లయితే మనమూ ఫిర్యాదు చేసి ఆపిద్దాము’ అన్నది రెండవది. దీనిని మేము గట్టిగా తిరస్కరిస్తాము. 2013లో ‘విశ్వరూపం’ చిత్రంపై కొన్ని ముస్లిం సంఘాలు అభ్యంతరం చెప్పగా తమిళనాడు ప్రభుత్వం దానిని తాత్కాలికంగా నిషేధించింది. ఆ నిషేధం వల్ల మన గౌరవం పెరిగిన ఆధారమేదీ లేదు. మనోభావం పేరిట గొంతు నొక్కే ఆయుధాన్ని బలవంతుడు ఎప్పుడూ మనకన్నా నేర్పుగా వాడగలడు. ‘లైలా’ను ఆపాలని మేము ఆనాడు కోరలేదు, ఈనాడూ కోరము. రెండవ సంపుటి రావాలనే కోరుతాము. అందులో బ్రతికి ఉన్న ముస్లింలను చూపాలని కోరుతాము.

అది అసాధ్యమేమీ కాదు. 2022లో అమెరికాలో వచ్చిన ‘మిస్ మార్వెల్’లో పాకిస్తానీ మూలాలున్న కమలా ఖాన్ అనే ముస్లిం బాలిక అద్భుతశక్తులు పొందుతుంది. ఆమె మసీదుకు వెళుతుంది, అన్న పెళ్లిలో ఆడుతుంది, 1947 విభజన నాటి రైలు దాకా కథ వెనక్కు నడుస్తుంది. వ్యాపార సంస్థ లాభం కోసమే తీసి ఉండవచ్చు. ఆ ధారావాహికకూ చూడకుండానే తక్కువ మార్కులు వేసి పడగొట్టాలని చూసినవారు ఉన్నారు. అయినా విమర్శకులు మెచ్చారు. ముస్లిం కుటుంబం భోజనానికి కూర్చున్న దృశ్యం కూడా వైజ్ఞానిక కల్పనలో ఇముడుతుందని తేలింది. అమెరికాలో ఇమిడినది ఆంధ్రలో ఇమడదా?

కనుక మన కార్యకర్తలకు, కుటుంబాలకు మా విజ్ఞప్తి. ఏ ధారావాహిక వచ్చినా ‘మనలను తిట్టారా, పొగిడారా’ అన్న రెండు ప్రశ్నల వద్ద ఆగకండి. ‘మనవాడు చివరి భాగం దాకా బ్రతికి ఉన్నాడా? అతడికి పని ఉన్నదా? అతడి మాటకు కథ మలుపు తిరుగుతుందా?’ అని అడగండి. అడిగినదానిని తెలుగులో రాయండి. మా పత్రిక ఆ పుటలను మీకు కేటాయిస్తుంది. ఉర్దూ, తెలుగు మాధ్యమ పాఠశాలల ఉపాధ్యాయులు రుఖయ్యా కథను పిల్లలకు చెప్పండి. ఆ తరువాత తమ ఊరు ముప్పై ఏళ్లకు ఎట్లుంటుందో ఒక కథ రాయమనండి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుండి వచ్చిన పిల్లల కథలను మేము అచ్చు వేస్తాము. ఆ కథలలో మొదటి పుటలోనే ఎవరూ చనిపోవద్దు. అది ఒక్కటే మా షరతు.